క్లే ముద్ద, అవ్వ చెయ్యి

ఆత్మకూరు బస్టాండు దాటి నెల్లూరు రోడ్డులో కొంచెం ముందుకు పోతే ఎడమ చేతి పక్క ఒక రేకుల షెడ్డు ఉంటుంది. ఇప్పుడు అందులో టైర్లు అమ్ముతున్నారు. నా పని జీవితంలో ఎక్కువ భాగం ఆ రేకుల కిందే గడిచింది. సొట్టలు తీయడం కాదు, కొత్త రంగు వేయడమూ కాదు. బండికి కంపెనీ వేసిన రంగు ఉంటుంది చూడండి, దాన్ని చెడగొట్టకుండా మళ్ళీ మెరిసేలా చేయడం నా పని. ఇప్పటివాళ్ళు దీన్ని డీటెయిలింగ్ అంటున్నారు. నన్ను మాత్రం ఊళ్ళో పాలిష్ ప్రకాశం అనే అంటారు. పాలిష్ అనేది ఆ పనిలో ఆఖరి భాగమని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

ఈ మధ్య ఆత్మకూరులోనే కాదు, ఉదయగిరిలో కూడా ఇలాంటి షాపులు లేస్తున్నాయి. అద్దాల గదులు, రంగు లైట్లు, గోడ నిండా పెద్ద అక్షరాలు. షాపు పెట్టబోయేవాళ్ళు కొందరు నా దగ్గరికి వచ్చి ఏ మిషన్ కొనాలి, ఏ వ్యాక్స్ మంచిది అని అడిగి పోతుంటారు. అడగడం మంచిదే. బండి మీద చెయ్యి ఎలా పెట్టాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. షెడ్డు ఎలా పెట్టాను, ప్రారంభానికి ఎవరొచ్చారు అనేవి ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు.

ముద్ద

మెరుగు పెట్టే పనిలో అందరూ తక్కువగా చూసే వస్తువు క్లే. చూడ్డానికి పిల్లలు బడిలో బొమ్మలు చేసుకునే ముద్దలాగే ఉంటుంది. బండిని షాంపూ పెట్టి ఎంత కడిగినా పోని మురికి కొంత ఉంటుంది. రోడ్డు మీద ఎగిరే తారు చుక్కలు, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, వేపచెట్టు కింద నిలిపితే కారే జిగురు, కంకర లారీల వెనక వస్తే పట్టే సన్నటి దుమ్ము. మర్రిపాడు రోడ్డులో రోజూ తిరిగే బండి అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఇవన్నీ రంగును పట్టుకుని కూర్చుంటాయి. కంటికి కనిపించవు, చేతికి తెలుస్తాయి. వాటిని పీకి తనలోకి లాక్కునేది ఈ ముద్ద.

వాడే తీరు చెప్తాను. ముందు బండిని బాగా కడిగి నీడలో పెట్టాలి. బానెట్ చల్లగా ఉండాలి. ముద్దను చేతిలో పిసికి, మెత్తబడ్డాక అరచేతిలో ఇమిడే బిళ్ళలా చేసుకోవాలి. రంగు మీద షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, దాని మీద ముద్దను జార్చాలి. రుద్దడం కాదు, జార్చడం. నొక్కకూడదు, గుండ్రంగా తిప్పకూడదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిన్నగా పోవాలి. మొదట్లో గరగరమని పట్టుకుంటుంది, చప్పుడు కూడా వస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయి ముద్ద దానంతటది పోతుంది. అప్పుడు తుడిచి, ముద్దను తిరగేసి చూస్తే మురికిపట్టి ఉంటుంది. మడిచి, మళ్ళీ పిసికి, శుభ్రంగా ఉన్న వైపు బయటికి తెచ్చి పక్క జానెడు మొదలుపెట్టాలి.

క్లే గీతలు తీయదు. బోరు నీళ్ళు ఎండకు ఆరిపోయి రంగును తినేసిన తెల్ల మచ్చలుంటాయే, వాటినీ తీయదు. తీస్తుందని గిరాకీలకు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళను నమ్మకండి. పైగా ముద్ద పెట్టాక పాత వ్యాక్స్ అంతా పోతుంది, సన్నటి జాడలు కూడా కొన్ని మిగులుతాయి. కాబట్టి తర్వాత పాలిష్, ఆ పైన వ్యాక్స్ తప్పవు. ఊరికే నెలనెలా క్లే పెట్టించుకునేవాళ్ళు బండిని అరగదీసుకుంటున్నట్టే.

పని అయిందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసినది ఒకటే దారి. పూలకొట్లో మూర పూలు చుట్టి ఇచ్చే పల్చటి కవరు ఉంటుంది కదా, అందులో చెయ్యి దూర్చి, వేళ్ళు రంగు మీద ఆనించి మెల్లగా జరపాలి. ఉత్తి చేతికి నున్నగా అనిపించింది కూడా కవరు లోంచి ఇసుక చల్లినట్టు తెలుస్తుంది. నా చొక్కా జేబులో ఎప్పుడూ అలాంటి కవరు ఒకటి మడిచి ఉండేది.

మస్తానన్న

ఈ పని నాకు నేర్పింది నెల్లూరులో ఒక సర్వీస్ షెడ్డులో పెద్ద మేస్త్రీగా ఉండిన మస్తానన్న. మా నాయన లారీ క్లీనరు. నన్ను ఆయన ముందు నిలబెట్టి, "నీ చేతిలో పెడతా ఉండా మస్తానా, కొట్టినా సరే" అని చెప్పి పోయాడు. మస్తానన్న కొట్టలేదు గానీ తిట్టడంలో లోటు చేయలేదు.

ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పనితనంలో అంతటివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నిజాయితీ మాత్రం ఎదురుగా ఎవరున్నారనే దాన్ని బట్టి ఉండేది. బండి యజమాని పక్కన నిలబడితే క్లే, పాలిష్, వ్యాక్స్ అన్నీ వరసగా జరిగేవి. తాళం ఇచ్చి వెళ్ళిపోయాడంటే క్లే ఎగిరిపోయేది. మురికి మీదే పాలిష్ మిషన్ తిప్పేవాడు. బండి తళతళలాడుతూ బయటికి పోయేది. ఆ గరుకంతా మిషన్ కింద నలిగి, కొన్నాళ్ళకు ఎండలో చూస్తే సాలెగూడు మాదిరి గీతలు బయటపడేవి. "మళ్ళీ మన కాడికే వస్తాడులేరా" అనేవాడు. నిజంగానే వచ్చేవాళ్ళు. ఆ పద్ధతి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

అలాంటి మనిషి ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు. ముద్ద నేల మీద పడిందా, అది చెత్తలోకే. ఒకసారి కొత్త ముద్ద విప్పిన కాసేపటికే నా చేతిలోంచి జారిపడింది. తీసి కుళాయి కింద పెట్టబోయాను.

"కడిగితే పోద్దనుకుంటా ఉండావా? ఒక్క ఇసక పలుకు దాంట్లో ఉంటే చాలు, బండి దున్నిన చేనయిపోద్ది. పారెయ్యి!" అని నా చేతిలోంచి లాక్కుని గోడ అవతలికి విసిరేశాడు.

అప్పటి నుంచి నేను ముద్దను ఎప్పుడూ కోసి ముక్కలుగానే వాడాను. ఒక ముక్క పడినా ఇంకొకటి ఉంటుంది. పని ఎగ్గొట్టే మనిషి దగ్గర పని శ్రద్ధ నేర్చుకున్నాను. మనుషులు ఇలాగే ఉంటారు, మంచి ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవాలి. ఆయన ఎప్పుడూ అనే మాట ఇంకొకటి ఉంది. "కంటిని నమ్మబాకరా, చేతిని నమ్ము" అనేవాడు. ఆ మాటను నేను చాలా ఏళ్ళు గట్టిగా పట్టుకున్నాను.

చూసి చేసేవాళ్ళు

మా వైపు ఒక అలవాటు ఉంది. ఎవరూ ఎవరినీ అడిగి నేర్చుకోరు. ఎదురుగా కూర్చుని చూసి, ఇంటికి పోయి చేస్తారు. నా షెడ్డు ఎదురుగా టీ అంగడి ఉండేది. అక్కడ కూర్చుని ఒక కారు డ్రైవరు నా పనంతా చూస్తుండేవాడు. వినాయక చవితి అయిన కొద్దిరోజులకు తన యజమాని కారు తోలుకొచ్చి షెడ్డు ముందు ఆపాడు, దిగకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. కారు రంగు చూస్తే బడిపిల్లల పలకలా ఉంది.

ఏమైందంటే, ఇంట్లో పిల్లలు విగ్రహం చేయగా మిగిలిన చెరువు మట్టిని పాత చీరలో జల్లించి, వెన్నలాగా పిసికి, కారంతా జార్చాడు.

"నువ్వు చేసినట్టే చేసినానన్నా. నీళ్ళు కూడా బాగా చల్లినాను" అన్నాడు దీనంగా.

నాకు నవ్వాగలేదు. తర్వాత ఆ కారును మళ్ళీ దారిలో పెట్టడానికి పడ్డ తిప్పలు తలుచుకుంటే నవ్వు రాదు. చూడ్డానికి ముద్ద ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటి కాదు కదా. ఆ రోజు నుంచి ఎవరైనా నిలబడి చూస్తుంటే పని ఆపి, ఇది ఏమిటో, ఎందుకో చెప్పేవాణ్ణి. కాలవలో దింపి, ఒండ్రు నీళ్ళతో, పాత లుంగీ గుడ్డతో కారు కడిగేవాళ్ళకు కూడా చెప్పి చూశాను. వాళ్ళు వినలేదు.

రసూల్ మిషన్

ఇక నేను చెప్పాలనుకున్న సంగతి. రసూల్‌ది ఉదయగిరి. గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు, షట్టర్లకు స్ప్రేతో రంగు కొట్టేవాడు. గాలి పట్టే కంప్రెసర్ మిషన్ ఒకటి, రంగు చిమ్మే గన్ ఒకటి, అవి వేసుకుని తిరగడానికి పాత ట్రాలీ ఆటో. అవే అతని ఆస్తి. రంగు కలపడంలో సందేహమొస్తే నాకు ఫోన్ చేసేవాడు, అలా పరిచయం. నెమ్మదైన మనిషి.

వరికుంటపాడు పక్క పల్లెలో పెంచలరెడ్డి అనే పెద్ద రైతు తన ఇంటి ఇనుప గేటుకు సిల్వర్ రంగు కొట్టమని రసూల్‌ను పిలిపించాడు. ఆ రోజు గాలి తోలుతోంది. కాంపౌండ్ లోపల కొంచెం దూరంలో రెడ్డి కొత్త కారు నిలబడి ఉంది, అది కూడా సిల్వర్ రంగే. బండి తీయమని రసూల్ అడిగాడట. రెడ్డి పొలానికి పోయి ఉన్నాడు. "అంత దూరం వస్తాదా ఏంది, కొట్టెయ్" అన్నారట ఇంట్లోవాళ్ళు. కొట్టేశాడు.

గాలిలో తేలిన తుంపర కారు మీద వాలి ఆరిపోయింది. అద్దాల మీద చుక్కలు కనిపిస్తే రసూల్ బ్లేడుతో గీకి శుభ్రం చేశాడు. బాడీ మీద ఏమీ కనిపించలేదు. సిల్వర్ మీద సిల్వర్ ఏం కనిపిస్తుంది? గేటుకు ఇంకో చేయి, అంటే రెండో పూత, కొట్టాల్సి ఉంది కాబట్టి కంప్రెసర్ అక్కడే వదిలి ఇంటికి పోయాడు.

పట్టుకుంది రెడ్డి తల్లి. ఊరంతా ఆమెను అవ్వ అనే అంటారు. కళ్ళలో శుక్లాలు ముదిరి, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి. గోడ, స్తంభం, మంచం అన్నీ తడుముకుంటూ తిరిగేది. కంటి డాక్టరు దగ్గరికి పోవాలని మర్నాడు కారెక్కబోతూ తలుపు తడిమింది.

"ఏందిరా అబ్బయ్యా, బండి మీద ఉప్పు రవ్వ చల్లినారా?" అన్నదట.

కొడుకు చెయ్యి పెట్టి చూస్తే నిజమే. నలుగురూ చేరారు. కారు మొత్తానికి కొత్త రంగు వేయించి ఇవ్వాలని రెడ్డి పట్టు. రసూల్ ఉన్నదంతా అమ్ముకున్నా అయ్యే పని కాదది. చివరికి పెద్దమనుషులు ఒక మధ్యస్తం చెప్పారు. బండి మునుపు ఎలా ఉండిందో రసూల్ అలా చేసి ఇవ్వాలి. అంతదాకా కంప్రెసర్ రెడ్డి వసారాలో ఉంటుంది. బాగైందని ఎవరు చెప్పాలి అంటే, లోపం పట్టింది అవ్వ కాబట్టి అవ్వే చెప్పాలి. మా పల్లెల్లో ఇది మామూలే. ఎవరు తప్పు పడితే వాళ్ళ నోటితోనే తీరిందనిపించుకోవాలి.

రసూల్ నాకు ఫోన్ చేశాడు.

"మిషన్ లేకుంటే నేనేం జేసేదన్నా? బళ్ళో గేట్లకు, బెంచీలకు రంగు కొడతానని ఒప్పుకొని ఉండా. బడి తెరిచే లోపల కాకపోతే కావలి నుంచి ఇంకొకన్ని పిలస్తారు. ఇంక నన్నెవురు పిలస్తారు?"

"కొత్త రంగు అక్కర్లేదురా. బండి తీసకరమ్మను. క్లేతో పోద్ది."

"పోద్దా అన్నా?"

"పోద్దంటే పోద్ది" అన్నాను. నాకు అందులో అనుమానమే లేదు.

నున్నగా ఉందన్నాను

రెడ్డి తానే కారు తోలుకొచ్చాడు, పక్కన రసూల్. "గీతలు పడనీబాకన్నా" అని ఒక్క మాట చెప్పి, ఊళ్ళో పని చూసుకోవడానికి పోయాడు.

ఎగిరిపడ్డ రంగు తీయడానికి మామూలు మెత్తటి క్లే చాలదు. కొంచెం గట్టి రకం కావాలి, నీళ్ళు ఎక్కువ కావాలి, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. రోజంతా ఆ బండి మీదే ఉన్నాను. రసూల్ బక్కెట్లతో నీళ్ళు మోస్తూ, నేను ముద్ద తిరగేసిన ప్రతిసారీ తొంగిచూసి, దాని మీద వెండి పొడి కనిపిస్తే సంతోషపడ్డాడు. రోడ్డు మీద లారీలు ఎడతెగకుండా పోతున్నాయి. జానెడు జానెడుకూ కవరులో చెయ్యి పెట్టి చూసుకున్నాను. ఎక్కడ పెట్టినా పట్టుగుడ్డలా ఉంది. పాలిష్, వ్యాక్స్ పెట్టి సాయంత్రానికి బయట నిలబెట్టాను. రెడ్డి చుట్టూ తిరిగి చూసి, "బాగుండాది" అని తోలుకుపోయాడు.

మర్నాడు రసూల్ ఫోన్ చేయలేదు, మనిషే వచ్చాడు.

"అవ్వ ఒప్పుకోలా అన్నా. ఇంకా ఉండాదంటా ఉండాది."

నాకు ఒళ్ళు మండింది. "ముసలామెకు కళ్ళే పోయినాయనుకున్నా, చేతులు కూడా పోయినట్టుండాయి" అన్నాను. అంతటితో ఆగలేదు. రెడ్డికి కొత్త రంగు మీద మనసుందని, తల్లి చేత చెప్పిస్తున్నాడని కూడా అన్నాను. ఆ మాటేదో అక్కడే తేల్చుకుందామని రసూల్ ఆటోలోనే బయలుదేరాను.

గిల్లితే

అవ్వ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె పక్కనే గోనెపట్టా కప్పిన కంప్రెసర్. రసూల్ కళ్ళు దాని మీదికే పోయాయి. రెడ్డి లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అవ్వా, కారు పని చేసిన ప్రకాశాన్ని. యాడుండాదో చూపీ, నేనూ చూస్తా" అన్నాను. మర్యాదగానే అన్నాననుకుంటాను.

అవ్వ స్తంభం పట్టుకుని లేచి తడుముకుంటూ కారు దగ్గరికి వచ్చింది. తలుపు మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ బాగా చేసినావు నాయనా, నున్నగా ఉండాది" అంది. తర్వాత చెయ్యి పైకి జరిపి తలుపు మీద టాపు అంచు దగ్గర ఆపింది. "ఇక్కడో?"

నేను వేళ్ళు పెట్టాను. "నున్నగానే ఉండాదవ్వా."

బానెట్ వెనక భాగం, అద్దం దగ్గర. "ఇక్కడో?"

"అదీ నున్నగానే ఉండాది."

జేబులోంచి కవరు తీసి, చెయ్యి దూర్చి మళ్ళీ చూశాను. "నున్నగానే ఉండాదవ్వా!" అన్నాను, ఈసారి గట్టిగా.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "ఆ సంచి తియ్యి" అంది. తీశాను. నా వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఎటో గేటు వైపు చూస్తూ నిలబడింది. ఏదో చెప్తుందని నేనూ నిలబడ్డాను.

"తెలిసిందా?" అని అడిగింది.

"ఏందవ్వా?"

"గిల్లినాను గదా అబ్బయ్యా. గట్టిగానే గిల్లినాను."

చెయ్యి తిప్పి చూసుకున్నాను. నడిమి వేలి కొన మీద గోరు దిగిన గుర్తు ఉంది. రెడ్డి చూశాడు, రసూల్ కూడా చూశాడు.

"మా ఇంటాయనకు కాళ్ళు ఇట్టనే అయినాయి" అంది అవ్వ. "పొయ్యి కాడ నిప్పు మీద కాలు పెట్టి నాతో మాట్లాడతా ఉండినాడు. వాసన నాకొచ్చింది గానీ ఆయనకు తెలవలా. నీకు షుగరుండాదా?"

ఉంది. ఏళ్ళ నుంచి ఉంది. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకునేవాణ్ణి. చేతులు తిమ్మిరెక్కుతుంటే నీళ్ళలో నానే పని కదా అనుకునేవాణ్ణి. చేతిని నమ్మమన్న మస్తానన్న, ఆ చెయ్యి కూడా ఒక రోజు అబద్ధం చెప్తుందని చెప్పలేదు. సిగ్గేసింది. ఆమెను ఎన్ని మాటలన్నానో రసూల్‌కు తెలుసు. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. వేళ్ళు పోయాక ఈ పనిలో నేనెవరిని? రసూల్ నన్ను ఒక్క మాట అనలేదు. గోనెపట్టా వైపు చూస్తూ ఊరుకున్నాడు. అని ఉంటే బాగుండేది.

"అవ్వా, నువ్వు చెప్పిందే నిజం. రేపొచ్చి ఇక్కడే చేస్తా" అన్నాను.

"ఎందుకన్నా ఈ తంటాలు, కొత్త రంగే ఏపించుకుంటాలే" అన్నాడు రెడ్డి. ఆ మాటకు అర్థం రసూల్‌కు, నాకు ఇద్దరికీ తెలుసు. కొత్త రంగు వేయించుకుంటే కంప్రెసర్ ఇక వసారా దిగదు.

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "రానీరా. ఆయన చెయ్యి మొద్దుబారింది గానీ పని మర్చిపోలా గదా."

పొగాకు చేతులు

నా భార్య సుగుణమ్మ చాలా ఏళ్ళు పొగాకు గ్రేడింగ్ పనికి పోయింది. ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి జరిపి, నోటితో పక్కామెతో కబుర్లు చెప్తూనే, ఏ ఆకు ఏ కుప్పలోకి పోవాలో వేసేది. దానికి ఆమె కళ్ళకంటే వేళ్ళు ఎక్కువ పనిచేసేవి. ఇంటికి పోయి జరిగింది చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు.

"పొయ్యి మీది గిన్నె గుడ్డ లేకుండా దించినప్పుడే అనుకున్నా. అడిగితే కసురుకుంటివి" అంది.

"రేపు నువ్వు నాతో రావాల."

"నేనా? నాకు కారు సంగతేం తెలుసయ్యా?"

"కారు సంగతి నాకు తెలుసు. నువ్వు ఆకు చూసినట్టు చూడు, చాలు."

మర్నాడు ఇద్దరం బస్సులో ఉదయగిరి పోయాం, అక్కడి నుంచి రసూల్ ఆటో. బండిని రెడ్డి పశువుల కొట్టం నీడలో పెట్టించాను. పని మొదలుపెట్టేముందు సుగుణమ్మ బానెట్ మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. తర్వాత కవరులో చెయ్యి పెట్టి టాపు అంచు మీద జరిపి, "అమ్మో, ఇంత రవ్వుంటే నున్నగా ఉండాదన్నావా!" అంది. రెడ్డి ఇంటి ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాను?

ఆమె చూపిన చోట నేను ముద్ద పెట్టాను, నేను తుడిచిన చోట ఆమె చెయ్యి పెట్టింది. ఆ పల్లె నిశ్శబ్దంలో ముద్ద గరగర నాకు స్పష్టంగా వినిపించింది. ఆత్మకూరులో లారీల మోతలో అది వినిపించక, వేళ్ళ మీదే ఆధారపడ్డాను. చెవి కూడా ఈ పనిలో పనిముట్టేనని అంత వయసులో తెలుసుకున్నాను.

బానెట్ సగంలో ఉండగా ముద్ద నా చేతిలోంచి జారి నేల మీద పడింది. పట్టు తెలియని వేళ్ళు కదా. రసూల్ గబుక్కున తీసి, "కడిగిస్తానన్నా" అన్నాడు. అందుకుని కొట్టం అవతలికి విసిరేశాను. అతని ముఖం చూసి జాలేసింది. మిషన్ చేతికొచ్చేది ఆ ముద్ద వల్లే అని అతని నమ్మకం. డబ్బాలోంచి రెండో ముక్క తీసి చూపించాక గాని అతను ఊపిరి పీల్చుకోలేదు.

మధ్యాహ్నం తిరిగే వేళకు సుగుణమ్మ చెయ్యి తీసి, "అయింది" అంది.

"సరిగ్గా చూసినావా?"

"ఆకైతే మొదటి రకంలో ఏస్తా."

పాలిష్, వ్యాక్స్ అయ్యాక అవ్వ వచ్చింది. తలుపు దగ్గర మొదలుపెట్టి, టాపు అంచు, బానెట్, వెనక డిక్కీ, అవతలి తలుపులు, మొత్తం తడుముతూ తిరిగింది. రసూల్ ఆమె వెనకే నడిచాడు, అడుగు శబ్దం కాకుండా. తిరిగి మొదటి తలుపు దగ్గరికి వచ్చాక అవ్వ కారు వదిలి, పక్కనున్న సుగుణమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఈ చేతులతో చూసినావా? పొగాకు చేసినావు గదూ?"

"చేసినానవ్వా."

"తెలస్తా ఉండాదిలే" అంది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "పెంచలా, ఆ మిషన్ ఇచ్చెయ్యిరా" అంది.

ఆ తర్వాత

షెడ్డు మూసేదాకా సుగుణమ్మ చెయ్యి పెట్టి అయిందని చెప్పనిదే ఒక్క బండినీ బయటికి పంపలేదు. పెళ్ళాం సర్టిఫికెట్ ఇస్తేనా అని టీ అంగడి దగ్గర ఎగతాళి చేసేవాళ్ళు. చేయనీ. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. మిషన్ మంచిది కొనండి, కాదనను. మీరు చేసిన పనిని మీ చేత్తో మీరే చూసుకుని సరే అనుకోకండి. ఇంకొకరి చెయ్యి పెట్టించండి. వాళ్ళు కాదంటే కోపం తెచ్చుకునేముందు మళ్ళీ చూడండి. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి, మాత్రలు రోజూ వేసుకోండి. నా వేళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ రోజు రసూల్ గోనెపట్టా తీసి కంప్రెసర్‌ను తన చొక్కాతోనే తుడిచాడు. ఆటోలోకి ఎక్కించబోతుంటే రెడ్డి ఆపాడు.

"ఉండుండు, గేటుకు ఇంకో చేయి బాకీ ఉండావు గదా. అది కొట్టి పో" అన్నాడు. అని, తానే తాళం తీసుకుని కారును రోడ్డు మీదికి, ఆ మలుపు అవతలికి తోలుకుపోయి నిలిపి వచ్చాడు. అందరం నవ్వాం. అవ్వ కూడా నవ్వింది.

రసూల్ ప్లగ్గు పెట్టాడు. కంప్రెసర్ ఒకసారి మూలిగి, దడదడమని అందుకుంది. అతను దాని పక్కనే గొంతుకూర్చుని, ట్యాంకు మీద చెయ్యి వేసి, నా వైపు చూశాడు. నేనూ వంగి పక్కనే చెయ్యి వేశాను. వేళ్ళకు ఏమీ తెలియలేదు. కాసేపు అలాగే ఉంచాను. మోచేతికి ఆ అదురు తెలిసింది.